కుడి చేతి మీద చుక్కలు

2025 జనవరి 29, బుధవారం

యార్డుకు మిర్చి బాగా వచ్చింది. ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారాయి. ఇంకేం విశేషం లేదు.

జనవరి 30

నిన్న రాసింది చదువుకుంటే సగమే రాసినట్టనిపించింది. మిగతా సగం కూడా రాసేస్తే నిద్ర పడుతుందేమో.

టీక్యా అని, నా స్నేహితుడు దస్రు వాళ్ల తండా రైతు, అమ్మిపెట్టమని సరుకు నా అడ్తి దుకాణానికే తెస్తాడు. నిన్న కాంటా మీద బస్తా పెడుతూ, వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు: "దస్రు సారు ఇంటికొచ్చిండు సేటూ. గుండె ఆపరేషన్ అయినంక మంచిగనే ఉన్నడు."

నేను తలూపాను. అన్నీ తెలిసినవాడిలా ఊపాను. ఏ దవాఖాన, ఏ రోజు, పక్కన భార్య సోమ్లీ కాక ఇంకెవరున్నారు, ఒక్కటీ తెలియదు. మహబూబాబాద్ కాలేజీలో, మా వాళ్ల మాటలో మానుకోటలో, ఇంటర్ మొదటి రోజు నుంచి దస్రూ నేనూ ఒకే బెంచీ. వాడిప్పుడు అక్కడే బడి పంతులు. వాడి ఛాతీ కోసి కుట్టిన సంగతి నాకు మిర్చి బస్తాల మధ్య తెలిసింది.

వెంటనే భూపాలపల్లికి, బలరాంకి ఫోన్ చేశాను. బలరాంకి తెలుసు. బొగ్గుబాయికి సెలవు పెట్టి హైదరాబాద్ పోయి దవాఖాన బయట కూర్చుని వచ్చాడట. జనగామలో టెంట్‌హౌస్ నడిపే యోసేపుకి తెలుసు. మేం స్నేహితులం ఉన్నదే నలుగురం. తెలియనిది నాకొక్కడికే. ఎందుకు చెప్పలేదని అడిగితే "వాడే చెప్పొద్దన్నడు" అన్నాడు బలరాం. ఎందుకు వద్దన్నాడని అడిగితే బాయిలో సైరన్ మోగుతోందని పెట్టేశాడు. సైరన్ ఏదీ మోగలేదు. వెనకాల వాళ్లింటి కుక్కర్ కూతే వినిపించింది.

బలరాం, దస్రు ఒకే తండాలో పుట్టారు. ఇద్దరికీ ఇంట్లో మాట్లాడుకునే వేరే భాష ఉంది. కష్టం వచ్చినప్పుడు మనిషి తన వాళ్లనే పిలుచుకుంటాడు కాబోలు. నేను బయటివాణ్ణే. బజారులో దుకాణం పెట్టుకున్న సేటును.

కళ్లెందుకు ఎర్రబడ్డాయని మా ఆవిడ సరస్వతి అడిగింది. మిర్చి ఘాటు అన్నాను. నిన్నటి మిర్చి ఇవాళ కూడా మండుతుందా అంది. నా మొహమే అంత. కేసముద్రంలో ముప్పై ఏళ్లుగా అడ్తి నడుపుతున్నా దాచుకోవడం రాలేదు. కొనేవాడు చెప్పిన ధర మంచిదో కాదో రైతులు నన్ను అడగరు. నా మొహం చూస్తారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

వాడి దగ్గర నుంచి ఫోన్ రాలేదు. నేను ఎదురు చూడలేదు.

ఫిబ్రవరి 3

ఈ డైరీలో ఇక దస్రు పేరు రాయను.

ఫిబ్రవరి 9

రాలేదు.

ఫిబ్రవరి 11

సరస్వతితో గొడవ. "మానుకోట ఎంత దూరమని? పోయి చూసి రాండ్రి" అంది. చెప్పొద్దన్నవాడి ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోవాలన్నాను. ఉన్న మొహమే పెట్టుకుని పొమ్మంది. ఇద్దరం అన్నం సగంలో లేచాం. తర్వాత నేను వంటింట్లోకి పోయి మిగతా సగం తిన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

సరస్వతి మానుకోటలో ఉన్న వాళ్లక్క ఇంటికి పోయి వచ్చింది. వస్తూ సంచి నిండా జామపళ్లు తెచ్చింది. వాళ్లక్క ఉండేది రెండో అంతస్తు అద్దె ఇల్లు. జామచెట్టు ఎక్కడిదని నేను అడగలేదు, తను చెప్పలేదు. మూడు తిన్నాను. ఒకడి ఇంటి వెనక చెట్టు పళ్లు ఇలాగే ఉంటాయి, లోపల ఎర్రగా. పేరు రాయనన్న మాట మీదే ఉన్నాను.

మార్చి 9, ఆదివారం

బలరాం ఫోన్ చేశాడు. ఏప్రిల్ పదమూడు వాడి పుట్టినరోజు. అసలు తేదీ వాళ్లమ్మకే తెలియదు. బడిలో వేసేటప్పుడు పంతులు తోచింది రాశాడు. ఆ తేదీని బలరాం ఇన్నేళ్లుగా ఎంతో నమ్మకంగా జరుపుకుంటున్నాడు. త్వరలో రిటైర్ అవుతాడు కాబట్టి ఈసారి ఘనంగా చేస్తాడట. టేకుమట్ల దగ్గర వాళ్ల బామ్మర్దికి మామిడితోట ఉంది, అక్కడ.

వాడి కూతురు వర్ష హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసు స్నేహితులతో కలిసి బ్లైండ్ టేస్టింగ్ అని ఒక ఆట ఆడతారట. సీసాల మీద పేర్లు కనబడకుండా కాగితం చుట్టి, నాలుగు రకాల విస్కీ కొంచెం కొంచెం పోసి, ఏది ఏదో చెప్పమంటారు. వాళ్ల నాయిన పుట్టినరోజుకు తనే ఆడిస్తానంది.

ఇది నా కోసమే పుట్టిన ఆట. గుడ్డు కూడా వండని ఇంట్లో పుట్టి, ఊరు దాటితే తప్ప గ్లాసు ముట్టని మనిషిని. అయినా మా నలుగురిలో విస్కీ గురించి తెలిసినవాణ్ణి నేనే. మిగతావాళ్లు తాగుతారు. నేను వాసన చూసి, నాలుక మీద ఆడించి, ఎక్కడిదో ఎన్నేళ్లదో చెబుతాను. ఇప్పటిదాకా ఎవరూ సీసాకు కాగితం చుట్టలేదు కాబట్టి ఎప్పుడూ తప్పలేదు.

ఎవరెవరు వస్తున్నారని అడిగాను. "మనమే" అన్నాడు. మనమే అంటే ముగ్గురమా నలుగురమా అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే నేనేదో ఎదురు చూస్తున్నాననుకుంటాడు. "నీ ముక్కు పట్టుకొని రా, చాలు" అని పెట్టేశాడు.

మార్చి 18, మంగళవారం

దుకాణం వెనక గదిలో కళ్లు మూసుకుని సాధన చేశాను. రెండు చిన్న సీసాలు తెప్పించి, మూతలు తీసి, చేతులు మార్చి వాసన చూశాను. రెండూ మిర్చి వాసనే వచ్చాయి. గది నిండా నిన్నటి బస్తాలున్నాయి. తుమ్ములు ఆగలేదు. హమాలీ తొంగి చూసి, మాట్లాడకుండా తలుపు దగ్గరకు వేసి పోయాడు.

వాడుంటే ఎంత నవ్వేవాడు.

పేరు రాయను గానీ అలవాటు గురించి రాస్తే తప్పు లేదు. వాడిది ఎడమచేతి వాటం. ఎక్కడ కూర్చున్నా నాకు కుడివైపే కూర్చుంటాడు. తాగే ముందు ఎడమచేతి వేలు గ్లాసులో ముంచి, పోయిన పెద్దలను తలుచుకుని మూడు చుక్కలు పక్కకు విదిలిస్తాడు. వాళ్ల నాయిన నేర్పిన అలవాటు. ఆ చుక్కలు నేల మీద పడాలి. మేం తాగడం మొదలుపెట్టిన నాటి నుంచి నా చొక్కా కుడిచెయ్యి మీదే పడుతున్నాయి. మీ తాతలు నేల మీద ఉంటారా నా అంగీ మీద ఉంటారా అని నేను తిట్టేవాణ్ణి. తాతలు సరే, ముత్తాతను మరిచిపోయానని ఇంకో చుక్క విదిలించేవాడు.

నేను సోంపు నమిలి, తమలపాకు వేసుకుని, నోరు కడుక్కుని ఇంటికి వచ్చేవాణ్ణి. సరస్వతి నా నోటి దగ్గరికే వచ్చేది కాదు. కుడి మణికట్టు దగ్గర చొక్కా పట్టుకుని వాసన చూసి, "దస్రు అన్న కలిసిండా?" అనేది. అందుకే వాడి పక్కన కూర్చునే ముందు కుడిచెయ్యి మోచేతి దాకా మడవడం నేర్చుకున్నాను.

పేరు రాసేశాను. అది సరస్వతి అన్న పేరు, నేను రాసింది కాదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

ఏటా పొద్దున్నే మొదటి ఫోన్ వాడిదే వచ్చేది. పచ్చడిలో ఏ రుచి ముందు తగిలిందని అడిగేవాడు. చేదు అంటే సంబరపడేవాడు, ఏడాదంతా నేను కష్టపడి పని చేస్తానట.

ఈ రోజు ఫోన్ మోగితే స్నానాల గదిలోంచి పరిగెత్తుకొచ్చి గడపకు బొటనవేలు కొట్టుకున్నాను. ఇన్సూరెన్స్ అమ్మాయి. పండగ పూట ఆ అమ్మాయినెందుకు తిట్టడమని, నాకు గుండె జబ్బులేవీ లేవని నెమ్మదిగా చెప్పి పెట్టేశాను.

పచ్చడిలో చేదే తగిలింది. అడిగేవాడు లేడు.

ఏప్రిల్ 12, శనివారం

రేపే టేకుమట్ల ప్రయాణం. సరస్వతి బొబ్బర్లు ఉడికించి, తాలింపు పెట్టి, రెండు డబ్బాల్లో బొబ్బెర గుడాలు కట్టింది. ఒక డబ్బా మూతకు తెల్ల దారం చుట్టి, "గిది మీరు ముట్టకుండ్రి, బలరాం అన్న చేతికే ఇయ్యుండ్రి" అంది. పుట్టినరోజు వాడిది కాబట్టి ప్రత్యేకంగా చేసిందనుకున్నాను.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తీసి పెట్టింది. తెల్లది వద్దన్నాను. ఎందుకని అడిగింది. నేను చెప్పలేదు. మరక పడుతుందని భయపడాల్సిన పని ఇప్పుడు లేదు కదా. సరే అన్నాను.

ఏప్రిల్ 14, సోమవారం

మార్కెట్‌కు సెలవు. పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. నిన్నటిది ఒక్కటీ పోకుండా రాయాలి.

వరంగల్ దాకా రైల్లో పోయాను. నెక్కొండ దాటాక దారం కట్టిన డబ్బా విప్పి ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు. అసలే లేదు. ముప్పై ఏళ్లలో సరస్వతి ఉప్పు మరిచిపోవడం ఇదే మొదటిసారి. ఇంటికి వచ్చి దెప్పవచ్చని సంతోషపడి మళ్లీ దారం చుట్టేశాను.

వరంగల్ స్టేషన్ బయట యోసేపు కారుతో ఉన్నాడు. యోసేపు మాట్లాడడం మొదలుపెడితే కారు ఆగినా నోరు ఆగదు. నిన్న పరకాల దాటే దాకా ఎండ గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. వెనక సీట్లో టెంట్‌హౌస్ కుర్చీలు ఐదు ఉన్నాయి. మేం ముగ్గురం, వర్షతో నలుగురం కదా అన్నాను. ఒకటి విరిగితే ఉంటుందని అన్నాడు. నేను నమ్మాను.

తోటలో మామిడిచెట్ల కింద నీడ బాగుంది. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అవతల మోటారు గది, దాని తలుపు మూసి ఉంది. వర్ష ఒక బల్ల మీద నాలుగు సీసాలు వరసగా పెట్టింది. అన్నిటికీ పాత పేపరు చుట్టి, అంకెలు రాసింది. నన్ను చూడగానే "రా కాక, ఇయ్యాల నీ పరీక్ష" అంది. ఆ పిల్లను నేను భుజాల మీద ఎత్తుకుని తిప్పాను. ఇప్పుడు అది పోస్తుంటే నేను తాగడమా అని సిగ్గేసింది. సిగ్గుపడుతూనే కూర్చున్నాను.

అప్పుడు బలరాం తువ్వాళ్లు పట్టుకొచ్చాడు, కళ్లకు గంతలు కడతాడట. వర్ష నవ్వింది. సీసాలకు కాగితం చుట్టాక ఇంకా కళ్లు కట్టడమెందుకంది. "నీకు తెల్వదు బిడ్డా. వీడు అడ్తి సేటు. కాగితం మీదనుంచే సరుకు చూస్తడు" అన్నాడు బలరాం. ఒక ఆటను కూడా సరిగ్గా ఆడించడం రాదు వీడికి, తెలివితక్కువ సన్నాసి అని మనసులో తిట్టుకున్నాను. ఆ మాట ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను.

నన్ను కుడివైపు కూర్చోబెట్టాడు. ఎడమవైపు యోసేపు, వాడి అవతల బలరాం. నా కుడివైపు కుర్చీ ఖాళీ. చొక్కా కుడిచెయ్యి మోచేతి దాకా మడిచాను. మడిచాక గుర్తొచ్చింది, ఆ పక్క ఎవరూ లేరు. మళ్లీ విప్పితే యోసేపు చూస్తాడని అలాగే వదిలేశాను. అప్పటికే వాడు చూశాడు.

తువ్వాల కట్టాడు. కొత్త తువ్వాల, గంజి వాసన. ఆట అయ్యేదాకా తను అడిగినవాళ్లే మాట్లాడాలని వర్ష షరతు పెట్టింది.

మొదటి గ్లాసు వాసన చూసి, కొంచెం నాలుక మీద ఆడించి, ఇది సముద్రం దాటి వచ్చిన సరుకు, పన్నెండేళ్లకు తక్కువ ఉండదని చెప్పాను. బలరాం దగ్గాడు. రెండోది మన దగ్గర రోజూ దొరికే మాల్ అన్నాను. మూడోది గోవాది అన్నాను. యోసేపును అడిగితే మూడింటికీ "విస్కీ" అన్నాడు. అన్నీ అయ్యాక తెలిసింది. నేను సముద్రం దాటించినది బలరాం భూపాలపల్లి బజార్లో ప్రతి శనివారం కొనేది. రోజువారీ మాల్ అని పక్కన పెట్టినది వర్ష తన జీతంతో వాళ్ల నాయిన కోసం కొన్న ఖరీదైన సింగిల్ మాల్ట్. గోవాది అసలు లేనే లేదు. వర్ష యోసేపుకు పూర్తి మార్కులు వేసింది.

ఇదంతా తర్వాతి సంగతి. నాలుగో గ్లాసు నా చేతిలో పెట్టేటప్పుడు కుడివైపు కుర్చీ కిర్రుమంది. వర్ష సీసా పెట్టుకోవడానికి లాగిందనుకున్నాను. గ్లాసు ఎత్తబోతుంటే నా కుడి మణికట్టు మీద చుక్క పడింది. చల్లగా. ఇంకొకటి. ఆ తర్వాత మూడోది.

నేను కదల్లేదు. తోటలో గాలి లేదు, చెట్టు మీద నుంచి రాలడానికి వాన లేదు.

ముప్పై ఏళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరకు వచ్చింది. ఇంట్లో సరస్వతి పట్టుకుంటుందా లేదా చూసుకునే అలవాటు. వాసన లేదు. మూడు గ్లాసులకు ముక్కు మొద్దుబారిందేమోనని నా గ్లాసు వాసన చూశాను. అది గుప్పున కొట్టింది. మళ్లీ మణికట్టు చూశాను. ఏ వాసనా లేదు. నాలుకతో తాకాను.

అప్పుడు మొత్తం అర్థమైంది. పక్కన ఎవరున్నాడో మొదటి చుక్కకే తెలిసింది. వాడు ఇక తాగలేడని, తాగకపోయినా వచ్చి నా పక్కన కూర్చున్నాడని మూడో చుక్క తర్వాత తెలిసింది.

"నాలుగోది ఏంది కాక?" అని వర్ష అడిగింది.

"నీళ్లు" అన్నాను.

నా గ్లాసులో నీళ్లెందుకు ఉంటాయని యోసేపు నవ్వబోయాడు. నా గ్లాసుది కాదు, పక్క గ్లాసుది చెబుతున్నానన్నాను.

తర్వాత కుడివైపు నుంచి వాడి గొంతు వినిపించింది. కొంచెం పలచబడింది, కానీ అదే గొంతు. "ఏం జెయ్యాలె సేటూ. మా తాతలకు గూడ డాక్టర్ బంద్ పెట్టిండు."

తువ్వాల లాగేయబోయాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనీ. నీ మొహం సగం మూసుకొనున్నది, గిప్పుడే చెప్త" అన్నాడు. ఎడమవైపు రెండు కుర్చీలు జరిగిన చప్పుడైంది. బలరాం, యోసేపు, వర్ష అవతలికి పోయారు.

వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాసుకుంటున్నాను.

"తెల్లారితే ఆపరేషన్. ఫోన్ చేతుల్నే ఉన్నది, నీ నంబర్ తీసిన. చెయ్యలే. చేస్తే నువ్వొస్తవు. ఒచ్చి మంచం పక్కన నిలబడుతవు. డాక్టర్ ఏం కాదన్నడు, సోమ్లీ ఏం కాదన్నది, బలరాం ఏం కాదన్నడు. అందరి మాట నమ్మిన. నీ మొహం జూస్తే ఒక్కటి గూడ నమ్మకపోదును. లేచి ఇంటికి ఉరుకుదును."

నేను నిజంగా ఎలా ఉండేవాణ్ణో నాకు తెలుసు. వాడు చెప్పినట్టే ఉండేవాణ్ణి. అయినా కోపం పోలేదు. అయిపోయిన తర్వాతైనా పిలవాలి కదా, ఇన్ని రోజులు ఒక్క ఫోన్ లేదు, నేను రోజూ పిలుపు కోసం చూశానని అన్నాను. ఎదురు చూడలేదని ఈ డైరీలోనే రాశాను.

వాడు నా చెయ్యి వదల్లేదు. "పిలుపు సుట్టాలకు గావాలె. నువ్వు సుట్టానివా?" అన్నాడు. "రోజు గేటు చప్పుడైతే నువ్వే అనుకున్న. సోమ్లీని అడుగు. నువ్వొస్తే కూసునేతందుకు కుడి పక్క కుర్చీ ఇడిసిపెట్టి, నేను ఎడమ దిక్కు కూసుంటున్న. కాదు, నీకు ఎడమ దిక్కు. నాకు కుడి… ఏదో ఒకటి. ఆ కుర్చీల ఎవ్వలను కూసోనియ్యలే."

దిక్కులు చెప్పడం వాడికి ఎన్నడూ రాదు. పిల్లలకు సోషల్ పాఠం చెప్పే పంతులు, మ్యాప్ ముందు నిలబడి తూర్పూ పడమరా తారుమారు చేస్తాడు. నాకు నవ్వొచ్చింది. తువ్వాల తడిసి ముక్కు మీదికి జారింది. ఏప్రిల్ ఎండ, మధ్యాహ్నం. చెమట.

తువ్వాల వాడే విప్పాడు. సగానికి సగం అయ్యాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. పై గుండీ దగ్గర కుట్టు గీత కొస కనిపించింది. నా మొహం ఏం చేసిందో తెలియదు. వాడు చూసి తల తిప్పుకుని, "గిదే మొహం. గీ మొహానికే నేను భయపడ్డది" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ నా వైపు తిరిగి చాలా సేపు చూశాడు. ఇప్పుడు భయం లేదన్నాడు.

పొద్దుటి నుంచి మోటారు గదిలో దాక్కున్నాడట. బలరాం వాణ్ణి శనివారమే తెచ్చి పెట్టుకున్నాడు. సేటు మూడు గ్లాసులు దిగాక గానీ మెత్తబడడు, అప్పటిదాకా తలుపు తీయొద్దని హుకుం. గుండె కుట్టు ఆరని మనిషిని దోమల గదిలో కూర్చోబెడతారా అని నేను బలరాం మీద లేచాను. బలరాం, దస్రు వాళ్ల భాషలో ఏదో అనుకుని పడీ పడీ నవ్వారు. ఏమన్నారని అడిగితే చెప్పలేదు. మామూలుగా అయితే నాకు కోపం రావాలి. నిన్న రాలేదు.

దారం కట్టిన డబ్బా బలరాం తీసి నేరుగా దస్రు చేతిలో పెట్టాడు. వాడు మూత తీసి, పిడికెడు తిని, "సరస్వతమ్మ చేతి గుడాలు ఉప్పు లేకున్నా మంచిగుంటయి. పోయినసారి ఇంటికి తెచ్చినప్పుడు ఇంకా మెత్తగ ఉండె" అన్నాడు. పోయినసారి అంటే జామపళ్ల రోజు. నేను కింద పడ్డ తెల్ల దారం తీసి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం యోసేపు మా ఇద్దరినీ వరంగల్‌లో రైలెక్కించాడు. ఇప్పుడు వాడి నోరు మళ్లీ తెరుచుకుంది. రైలు కదిలినా కిటికీ పట్టుకుని నడుస్తూ మాట్లాడాడు. కేసముద్రంలో నేను దిగాలి. రైలు ఆగింది. జనం దిగారు, ఎక్కారు. దస్రు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి మా యార్డు గోడ చూస్తూ కూర్చున్నాను. రైలు కదిలింది. మానుకోటలో వాణ్ణి ఇంటి దాకా దింపి, గేటు తీసి, అరుగు మీద కుర్చీలు చూశాను. రెండున్నాయి. ఒకదాని మీద దుమ్ము తుడిచి ఉంది గానీ కూర్చున్న గుర్తు లేదు. సోమ్లీ చాయ్ పెట్టింది. ఆ కుర్చీలో కూర్చుని తాగి, తర్వాతి రైలుకు వెనక్కి వచ్చాను.

ఏప్రిల్ 15, మంగళవారం

నిన్న సరస్వతి చొక్కా ఉతకడానికి తీసింది. కుడిచెయ్యి మడత విప్పి, మణికట్టు దగ్గర ముక్కుకు ఆనించుకుంది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

"వాసన లేదు" అంది.

నీళ్లకు వాసన ఏముంటుందన్నాను.

చొక్కా ఒళ్లో పెట్టుకుని అక్కడే గడప మీద కూర్చుంది. ఖాళీ డబ్బా ఎక్కడని అడిగింది. ఇచ్చాను. దారం కూడా జేబులోంచి తీసి ఇచ్చాను. ఉప్పు మరిచిపోయినందుకు దెప్పుదామని దాచి ఉంచుకున్న మాట ఒకటుంది. అది అనలేదు. "మంచిపని చేసినవు" అన్నాను. తను కొంగుతో కళ్లు తుడుచుకుని, పొయ్యి మీద పాలున్నాయని లేచి పోయింది. పొయ్యి మీద పాలు లేవు.

ఈ డైరీ మొదటి నుంచి తిరగేశాను. కొన్ని దిద్దాలి. జనవరి ఇరవై తొమ్మిదిన మిర్చి ఘాటు అని రాశాను. ఆ రోజు టీక్యా మాట విని దుకాణం వెనక గదిలోకి పోయి, తలుపు వేసుకుని ఏడ్చాను. వాడు చచ్చిపోయి ఉంటే నాకు తెలిసేది కూడా కాదని ఏడ్చాను. నిన్న చెమట అని రాశాను. అది చెమట కాదు. మామిడిచెట్టు కింద నీడ చల్లగానే ఉంది.

ఆదివారం మానుకోట పోతున్నాను. నన్నెవరూ పిలవలేదు. సరస్వతిని తెల్ల చొక్కానే ఇస్త్రీ చేయమన్నాను. ఈసారి కుడిచెయ్యి మడవను.